వృత్తి మార్గదర్శనము : ఒక శాస్త్రము ఎదిగిన తీరు

పదవ తరగతి ముగియగనే విద్యార్థికి ఒక ప్రశ్న ఎదురగును. గణితమా, జీవశాస్త్రమా, వాణిజ్యమా? పాలిటెక్నిక్కా, ఐ.టి.ఐ.యా? అప్పటికి వానికి పదునైదు, పదునారు సంవత్సరముల వయస్సు. ముందున్న నలువది సంవత్సరముల బ్రతుకునకు ఆ వయస్సున ఒక త్రోవ ఏర్పడును. చాల ఇండ్లలో ఈ ప్రశ్నకు సమాధానము నాలుగు దినములలోనే తేలిపోవుచుండును. మార్కుల పట్టిక, ప్రక్కయింటి పిల్లవాడు చేరిన కళాశాల, మేనమామ చెప్పిన మాట - ఈ మూడే దానికి ఆధారములు. ఒక పాడిగేదెను కొనదలచిన రైతు నాలుగు సంతలు తిరుగును, దాని ఈతలు లెక్కించును, పాలు పితికించి చూచును. పిల్లవాని వృత్తి విషయమున అంతటి విచారణ జరుగుట అరుదు.

ఈ నిర్ణయమునకును ఒక శాస్త్రీయ పద్ధతి ఉండవలెనను ఆలోచన నూరు సంవత్సరములకు పూర్వమే పుట్టినది. దానికే వృత్తి మార్గదర్శనమని పేరు. అది ఎచ్చట, ఏ అవసరము వలన పుట్టినదో, ఏ త్రోవను నడచినదో, ఎచ్చట దారి తప్పినదో తెలిసికొనుట ఉపాధ్యాయులకును, విద్యార్థులకును ప్రయోజనకరము.

ప్రశ్నయే లేని కాలము

పూర్వకాలమున వృత్తిని ఎంచుకొనుట అను సమస్య సామాన్యులకు లేదు. కుమ్మరి కొడుకు ఇంటి వాకిట సారె త్రిప్పుట చూచుచునే పెరిగెను. సాలె ఇంటి పిల్లలు నడక వచ్చినప్పటి నుండి నూలు కండెలు అందించుచుండిరి. పని నేర్చుట, పెరుగుట అనునవి వేరు వేరుగా ఉండెడివి కావు. ఐరోపా దేశములలో చేతిపనుల వారికి సంఘములుండెడివి. ఇంగ్లండులో 1563వ సంవత్సరపు చట్టము ప్రకారము ఒక చేతిపనిని స్వతంత్రముగా చేయగోరువాడు ఏడు సంవత్సరములు గురువు వద్ద శిష్యుడుగా ఉండవలెను. ఈ పద్ధతులలో ఎంపిక వలని బాధ లేదు. ఎంపిక చేసికొను స్వేచ్ఛయు లేదు. కమ్మరి ఇంట పుట్టిన బాలునకు లెక్కలలో ఎంత తెలివి యున్నను కొలిమియే గతి.

ఆవిరియంత్రము ఈ కట్టుబాటును సడలించినది. కర్మాగారములు పెరిగెను. రైలుమార్గములు, తంతితపాలా, విద్యుచ్ఛక్తి వచ్చెను. తండ్రులు పేరైనను వినని వందలకొలది క్రొత్త పనులు పుట్టెను. ఇంగ్లండులో ఏడేండ్ల శిష్యరికపు నిబంధన 1814లో రద్దయినది. తండ్రి అనుభవము కొడుకునకు దారి చూపజాలని కాలము వచ్చెను. ఎంచుకొను అవకాశము ముందు వచ్చినది. ఎంచుకొనుటకు వలసిన జ్ఞానము ఆ వెంట రాలేదు. ఈ రెండింటి నడుమ ఏర్పడిన అంతరమునుండియే వృత్తి మార్గదర్శనము పుట్టినది.

ఒక భూగర్భ శాస్త్రజ్ఞురాలి సూచన

ఈ అంతరమును గుర్తించిన తొలివారిలో ఒకరు భూగర్భ శాస్త్రజ్ఞురాలగుట విశేషము. ఆమె పేరు మరియా ఒగిల్వీ గోర్డన్. స్కాట్లండులో 1864లో జన్మించినది. ఆల్ప్సు పర్వతములలోని డోలమైట్ శిలలను పరిశోధించి 1893లో లండన్ విశ్వవిద్యాలయమునుండి డాక్టర్ ఆఫ్ సైన్సు పట్టమును పొందిన మొదటి స్త్రీ ఆమెయే.

బడి విడిచిన పిల్లలు చేతికి దొరికిన మొదటి పనిలో చేరిపోవుట, రెండు మూడు సంవత్సరములు గడచిన పిమ్మట ఏ నేర్పును లేని కూలీలుగా మిగులుట ఆమె గమనించెను. పేపర్లు పంచుట, సామానులు మోయుట వంటి పనులకు పదునాలుగేండ్ల బాలునకు వెంటనే కూలి దొరకును. వాడు పెద్దవాడై ఎక్కువ కూలి అడుగగనే ఆ పని మరియొక పదునాలుగేండ్ల బాలునకు పోవును. కావున బడి వదలు పిల్లలకు వృత్తులను గూర్చి తెలియజెప్పు కార్యాలయములను విద్యాధికారులే స్థాపింపవలెనని 1904లో ఆమె సూచించెను. బాలబాలికల కొరకై వివిధ వృత్తుల వివరములతో ఒక చేతిపుస్తకమును 1908లో ప్రకటించెను. 1910లో బ్రిటిషు పార్లమెంటు చేసిన చట్టమొకటి పదునేడేండ్ల లోపు పిల్లలకు ఉద్యోగముల విషయమున సలహా ఇచ్చు అధికారమును స్థానిక విద్యాసంస్థలకు కల్పించినది.

బోస్టన్ నగరములోని కార్యాలయము

అదే కాలమున అట్లాంటిక్ మహాసముద్రమునకు ఆవలి ఒడ్డున అమెరికాలోని బోస్టన్ నగరమున ఈ ఆలోచన మరింత స్పష్టమైన రూపమును పొందినది. అచ్చటికి ఇటలీ, రష్యా మొదలగు దేశములనుండి వేలకొలది కుటుంబములు వలస వచ్చుచుండెను. ఆ తల్లిదండ్రులకు భాష రాదు. ఊరి సంగతి తెలియదు. బోస్టన్ ముఖ్యపట్టణముగా గల మసాచుసెట్స్ రాష్ట్రములో ఒక ప్రభుత్వ సంఘము 1906లో విచారణ జరుపగా, పదునాలుగు - పదునారేండ్ల నడుమ వయస్సు గలవారిలో సుమారు 25 వేల మంది బడిలో లేరని తేలెను. వారిలో ఎక్కువమంది చేయుచున్న పనులు ముందుకు దారిలేనివి.

ఈ వలస కుటుంబముల నడుమ పనిచేయుచుండిన ఒక సేవాకేంద్రమున ఫ్రాంక్ పార్సన్స్ అను పండితుడు పాఠములు చెప్పుచుండెను. ఆయన 1854లో జన్మించెను. వృత్తినెంచుకొనుటలోని కష్టము ఆయనకు స్వయముగా తెలిసినంతగా ఎక్కువ మందికి తెలిసి యుండదు. కార్నెల్ విశ్వవిద్యాలయమున సివిల్ ఇంజనీరింగు చదివి 1873లో పట్టభద్రుడై రైల్వేలో చేరెను. ఆ సంవత్సరముననే వచ్చిన ఆర్థికసంక్షోభములో ఆ రైలు కంపెనీ దివాలా తీసెను. ఆ పిమ్మట ఇనుప కర్మాగారములో కూలిపని చేసెను. బడిపంతులయ్యెను. న్యాయశాస్త్రము చదివి న్యాయవాది పరీక్షలో నెగ్గెను. ఆరోగ్యము చెడి ఆ వృత్తిని కొంతకాలము వదలెను. తరువాత న్యాయకళాశాలలో ఉపన్యాసకుడయ్యెను. ఇన్ని వృత్తులు మారిన మనుష్యుడే వృత్తుల ఎంపికకు శాస్త్రము కావలెననుట సహజమే.

రాత్రి పాఠశాలలలో చదువు ముగించుకొన్న యువకులతో ఒకనాడు ఆయన ఈ విషయమును ముచ్చటించెను. వారిలో పలువురు తమతో విడిగా మాటలాడుమని కోరిరి. దానిని బట్టి ఇట్టి సలహాకు శాశ్వతమైన ఏర్పాటు అవసరమని తోచెను. 1908 జనవరి 13వ తేదీన 'వొకేషన్ బ్యూరో' అను పేర వృత్తి సలహా కార్యాలయము ప్రారంభమయ్యెను. దానికి ధనసహాయము చేసినది పౌలీన్ అగస్సీ షా. పూర్వము భూమిలో అధికభాగము హిమముతో కప్పబడి యుండెనని చాటిన ప్రసిద్ధ ప్రకృతి శాస్త్రజ్ఞుడు లూయీ అగస్సీ ఈమె తండ్రి. తొలి కొలది నెలలలోనే 80 మంది వచ్చి సలహా పొందిరి. ఆ సంవత్సరము మే నెలలో పార్సన్స్ సమర్పించిన నివేదికలో 'వృత్తి మార్గదర్శనము' అను మాట కనబడును. ఆ నివేదిక తరువాత ఆయన ఎక్కువకాలము జీవింపలేదు. 1908 సెప్టెంబరు 26న కన్నుమూసెను. ఆయన వ్రాసిన పుస్తకము మరుసటి సంవత్సరమున అచ్చయినది.

మూడు మెట్లు

పార్సన్స్ చెప్పిన పద్ధతి సులభమైనది. దానిలో మూడు మెట్లు కలవు.

మొదటిది, తన్ను తాను తెలిసికొనుట. తన శక్తులు, అభిరుచులు, ఆరోగ్యము, ఆశలు, లోపములు, వాటికి గల కారణములు - వీనిని విద్యార్థి శ్రద్ధగా పరిశీలించుకొనవలెను. ఇందుకై పార్సన్స్ నూటికి పైగా ప్రశ్నలు గల పట్టికను తయారుచేసెను.

రెండవది, వృత్తులను తెలిసికొనుట. ఏ పనికి ఏ నేర్పు కావలెను, శిక్షణ ఎచ్చట దొరకును, ఎంతకాలము పట్టును, జీతమెంత, పెరుగుదల ఎట్లు, కష్టములేవి, భవిష్యత్తులో ఆ పనికి గిరాకి ఉండునా అను విషయములు ఇందులో చేరును.

మూడవది, ఈ రెండు సమాచారములను ప్రక్కప్రక్కన పెట్టుకొని సరిగా తర్కించుట.

ఈ మూడవ మెట్టు విషయమున పార్సన్స్ ఒక నియమమును పాటించెను. తుది నిర్ణయము విద్యార్థిదే. సలహాదారు చేయవలసినది సమాచారమును అందించుట, ఆలోచనలోని లొసుగులను చూపుట మాత్రమే. వైద్యుడు మందు వ్రాసియిచ్చినట్లు వృత్తిని వ్రాసియిచ్చుట ఆయన ఉద్దేశము కాదు.

ఆయన పద్ధతిలో లోపములు లేకపోలేదు. తల ఆకారమును, ముఖ లక్షణములను కూడ ఆయన పరిశీలించి వ్రాసికొనెడివాడు. పుర్రె ఎత్తుపల్లములను బట్టి మనిషి గుణములను చెప్పవచ్చునను పాతకాలపు నమ్మకము ఇంకను పూర్తిగా తొలగని దినములవి. దానికి శాస్త్రాధారము లేదని తరువాత రూఢియైనది. మనిషి శక్తులను కొలుచుటకు నమ్మదగిన సాధనము ఆయనకు లేకపోయెను. మొదటి మెట్టులోని ఈ కొరతను తీర్చుటకై తరువాతి శాస్త్రజ్ఞులు పూనుకొనిరి. ఆ ప్రయత్నములోనే రెండవ మెట్టు వెనుకబడినది.

పాఠశాలలోనికి ప్రవేశము

పార్సన్స్ మరణానంతరము ఆయన సహచరుడు మేయర్ బ్లూమ్‌ఫీల్డ్ ఈ పనిని కొనసాగించెను. బోస్టన్ నగర పాఠశాలల అధికారి కోరికపై నూరుమందికి పైగా ఉపాధ్యాయులు వృత్తి సలహాదారులుగా నియమింపబడిరి. వారు తమ తరగతులు చెప్పుకొనుచునే ఈ పనియు చేసిరి. 1910లో ఈ విషయమున మొదటి జాతీయ సమావేశము బోస్టన్‌లోనే జరిగెను. 1913లో గ్రాండ్ రాపిడ్స్ అను పట్టణమున అమెరికా జాతీయ సంఘ మేర్పడెను.

ఆ గ్రాండ్ రాపిడ్స్‌లో జెస్సీ డేవిస్ అను ప్రధానోపాధ్యాయుడు 1907 నుండియే మరియొక దారి త్రొక్కి యుండెను. వారమున కొకసారి ఇంగ్లీషు వ్యాసరచన గంటలో విద్యార్థులచేత వృత్తులను గూర్చియు, తమ ఆశయములను గూర్చియు వ్రాయించుచుండెను. ప్రత్యేక కార్యాలయము లేదు, ఖర్చు లేదు. ఉన్న పాఠములోనే మార్గదర్శనము ఇమిడినది. ధనము తక్కువగా గల పాఠశాలలకు ఈ పద్ధతి నేటికిని అనుసరణీయము.

పరీక్షల యుగము

పారిస్ నగరమున ఆల్ఫ్రెడ్ బినే 1905లో ప్రజ్ఞా పరీక్షను రూపొందించి యుండెను. బడిలో వెనుకబడు పిల్లలకు ప్రత్యేక సహాయము చేయుటకై వారిని గుర్తించుట దాని ఉద్దేశము. 1917లో అమెరికా మొదటి ప్రపంచయుద్ధమున ప్రవేశించెను. లక్షలకొలది క్రొత్త సైనికులను త్వరగా తగిన పనులకు విభజించుటకై, ఒకేసారి వందలమందికి పెట్టదగిన వ్రాతపరీక్షలను మానసిక శాస్త్రజ్ఞులు తయారుచేసిరి. సుమారు 17 లక్షలమంది ఆ పరీక్షలను వ్రాసిరి. యుద్ధము ముగిసిన తరువాత ఆ పద్ధతి పాఠశాలలకు ప్రాకెను.

ఆ పరీక్షల ఫలితములలో ఒక విశేషము కలదు. విదేశములనుండి వలస వచ్చిన సైనికులలో, అమెరికాలో ఎక్కువ సంవత్సరములు నివసించినవారికి ఎక్కువ మార్కులు వచ్చెను. పుట్టుకతో వచ్చిన తెలివి నివాసకాలమును బట్టి పెరుగదు గదా! కావున ఆ పరీక్ష కొంతవరకు ఆ దేశపు భాషతో, అలవాట్లతో గల పరిచయమునే కొలిచినదనుట స్పష్టము. ఒక సమాజమున తయారైన పరీక్షను మరియొక సమాజపు పిల్లలకు పెట్టునపుడు ఈ సంగతిని మరువరాదు.

ప్రజ్ఞతోపాటు అభిరుచిని కొలుచుటకును ప్రయత్నములు జరిగెను. వానిలో ప్రసిద్ధమైనది స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయాచార్యుడు ఎడ్వర్డ్ స్ట్రాంగ్ 1927లో ప్రకటించిన అభిరుచి పట్టిక. దాని సూత్రము చక్కనిది. పనులు, ఆటలు, చదువులు, మనుష్యుల స్వభావములు మొదలగు వందలకొలది విషయములకు 'ఇష్టము', 'అయిష్టము', 'ఏదియు కాదు' అను మూడింటిలో ఒక గుర్తు పెట్టవలెను. ముందుగా ఒక వృత్తిలో స్థిరపడినవారు, ఇంజనీర్లనుకొందము, వీనికి పెట్టిన గుర్తులను సేకరింతురు. సామాన్య జనులు పెట్టిన గుర్తులతో వానిని పోల్చి, ఇంజనీర్లు ఏయే విషయములలో భేదింతురో గమనింతురు. పరీక్షకు వచ్చిన విద్యార్థి గుర్తులు ఆ విషయములలో ఇంజనీర్లను పోలియున్నచో, ఆ వృత్తిలోని వారి సాంగత్యమున వాడు సుఖముగా ఉండవచ్చునని ఊహింతురు. ఇది ఇష్టమును కొలుచునే గాని శక్తిని కొలువదు. లెక్కలయందు ఇష్టమున్న వానికెల్ల లెక్కలు రావు.

స్ట్రాంగ్ మరియొక ముఖ్య విషయమును కనుగొనెను. ఇరువదియైదేండ్లు దాటిన తరువాత మనుష్యుల అభిరుచులు అంతగా మారవు. పదునైదు మొదలు ఇరువదియైదు వరకు ఎక్కువ మార్పు కలుగును. అనగా పిల్లలు వృత్తినెంచుకొను వయస్సును, అభిరుచులు మారు వయస్సును ఒక్కటియే.

ఈ పట్టికలో కాలధర్మమును బట్టి ఒక లోపమును చోటుచేసికొన్నది. 1933లో స్త్రీలకు వేరు పట్టిక తయారైనది. స్త్రీలు అప్పటికే చేయుచున్న వృత్తులతోనే వారిని పోల్చుట జరిగెను. స్త్రీలు తక్కువగా నున్న వృత్తులకు పోల్చుటకు వలసిన గుంపు లేకపోయెను. కావున ఆ వృత్తులు బాలికల కంటబడవాయెను. ఉన్న స్థితిని కొలుచు సాధనము ఆ స్థితిని మార్పులేకుండ నిలుపు సాధనముగా మారుట కిది ఉదాహరణము. స్త్రీపురుషుల పట్టికలు 1974లో గాని ఒక్కటి కాలేదు.

జోస్యము ఎంతవరకు ఫలించెను?

శాస్త్రమున ఒక ఊహ నిలుచుటయు, పడిపోవుటయు పరిశీలనను బట్టి యుండును. పదునాలుగేండ్ల పిల్లలకు పెట్టిన పరీక్ష వారి భవిష్యత్తును చెప్పగలదా? కొలంబియా విశ్వవిద్యాలయాచార్యుడు ఎడ్వర్డ్ థార్న్‌డైక్ ఈ ప్రశ్నకు ఓపికతో సమాధానము వెదకెను. న్యూయార్కు నగరమున 2 వేలమందికి పైగా పిల్లలకు పదునాలుగేండ్ల వయస్సున పరీక్షలు పెట్టి, ఎన్నో సంవత్సరములు వారిని వెన్నంటి పరిశీలించి, ఫలితములను 1934లో ప్రకటించెను.

రెండు రాశుల నడుమ గల సంబంధమును సహసంబంధ గుణకము అను సంఖ్యతో తెలుపుదురు. ఒకటి పెరిగినప్పుడెల్ల రెండవది కచ్చితముగా అదే తీరున పెరిగినచో అది 1 అగును. ఏ సంబంధమును లేనిచో 0. తండ్రుల ఎత్తునకును, కొడుకుల ఎత్తునకును ఇది సుమారు 0.5 అని పూర్వము లెక్క కట్టిరి. అందుచేతనే పొడవైన తండ్రులకు పొట్టి కొడుకులు పుట్టుటయు చూచుచుందుము. థార్న్‌డైక్ పరీక్షలకును, ఆ పిల్లలు తరువాత బడిలో సాధించిన ప్రగతికిని గట్టి సంబంధమే కనబడెను. కాని వారు సంపాదించిన జీతములతోను, పనిలో పొందిన తృప్తితోను ఆ సంబంధము బహు స్వల్పము. బడి పరీక్ష బడి భవిష్యత్తును చెప్పినది. బ్రతుకు భవిష్యత్తును చెప్పలేకపోయినది.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున వైమానిక దళములో పరీక్షలు వ్రాసిన 10 వేలమందిని అనుసరించి, ఆయన కుమారుడు రాబర్ట్ థార్న్‌డైక్, ఎలిజబెత్ హాగెన్ కలిసి 1959లో ఫలితములను ప్రకటించిరి. వేరు వేరు వృత్తులలో చేరినవారి మార్కులలో భేదము కనబడెను. లెక్కలలో మార్కులు ఎక్కువ వచ్చినవారు ఇంజనీరింగు వంటి వృత్తులలో ఎక్కువగా ఉండిరి. కాని ఒకే వృత్తిలో ఎవరు రాణింతురో పరీక్ష చెప్పలేకపోయెను.

దీనిని బట్టి పరీక్షలు వ్యర్థమని తలపరాదు. పదుగురిలో ఎవరికి ఏ దిక్కున వీలు ఎక్కువో అవి సూచింపగలవు. ఒక్కని నొసటి వ్రాతను చదువజాలవు. వాతావరణ సూచనవంటివే అవి. గొడుగు పట్టుకొనుటకు ఉపయోగపడును గాని, ప్రయాణమే మానుకొమ్మని చెప్పవు.

దేశము కొరకా, విద్యార్థి కొరకా?

రష్యా 1957 అక్టోబరు 4న మొదటి కృత్రిమ ఉపగ్రహము స్పుత్నిక్‌ను ప్రయోగించెను. అమెరికా ఉలికిపడి, మరుసటి సంవత్సరము జాతీయ రక్షణ విద్యాచట్టమును చేసెను. విజ్ఞానశాస్త్రములందు చురుకైన విద్యార్థులను పరీక్షలచే గుర్తించుటకును, పాఠశాల సలహాదారులకు శిక్షణ నిచ్చుటకును ఆ చట్టము క్రింద ధనము లభించెను. సలహాదారుల సంఖ్య త్వరగా పెరిగెను. మేలే జరిగినది, కాని మార్గదర్శనమునకు పార్సన్స్ పెట్టిన గురి మారినది. విద్యార్థికి ఏ పని తగునను ప్రశ్న స్థానమున, దేశమునకు కావలసిన పనికి ఏ విద్యార్థి తగునను ప్రశ్న వచ్చి కూర్చుండెను. రెండును న్యాయమైన ప్రశ్నలే. మొదటిదానిని అడుగుచున్నామని చెప్పి రెండవదానిని అడుగుట మాత్రము న్యాయము కాదు.

ఈ కాలముననే డొనాల్డ్ సూపర్ అను శాస్త్రజ్ఞుడు 1951 నుండి న్యూయార్కు రాష్ట్రమున మిడిల్‌టౌన్ అను పట్టణమునందలి తొమ్మిదవ తరగతి బాలురను పరిశీలించుచుండెను. ఆ వయస్సులో వారు చెప్పిన వృత్తుల కోరికలు నిలకడ లేనివని తేలెను. కావున తొమ్మిదవ తరగతి విద్యార్థిని తుది నిర్ణయమునకు తొందరపెట్టక, పలు వృత్తులను పరిచయము చేసి, నిర్ణయము చేయు నేర్పును అలవరచుటయే పాఠశాల పనియని ఆయన భావించెను. వృత్తి నిర్ణయము ఒకనాడు జరుగు సంఘటన కాదనియు, బాల్యమునుండి ముదిమి వరకు సాగు వికాసమనియు ఆయన సిద్ధాంతము.

భారతదేశమున

భారతదేశమున ఈ కృషి విశ్వవిద్యాలయమున ప్రారంభమయ్యెను. కలకత్తా విశ్వవిద్యాలయపు మానసిక శాస్త్ర శాఖ 1938లో వృత్తి మార్గదర్శనమున పరిశోధనకు పూనుకొనెను. బొంబాయిలో 1941లో బాట్లీబాయ్ పేర ఒక సలహా కార్యాలయము వెలసెను. 1947లో అలహాబాదున ప్రభుత్వ మానసిక శాస్త్ర కార్యాలయ మేర్పడెను. కేంద్ర ప్రభుత్వము 1954లో ఢిల్లీలో విద్యా వృత్తి మార్గదర్శన కేంద్రమును స్థాపించెను. వృత్తుల పేర్లను, వానిలో చేయు పనులను వర్గీకరించిన జాతీయ వృత్తుల పట్టిక 1958లో వెలువడెను. పార్సన్స్ చెప్పిన రెండవ మెట్టునకు అట్టి పట్టికలే పునాది.

మాధ్యమిక విద్యను విచారించుటకై 1952లో నియమింపబడిన సంఘమునకు అధ్యక్షుడు డాక్టరు ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారు. ఆయన 1887లో కర్నూలున జన్మించిన ప్రసిద్ధ వైద్యుడు. మద్రాసు విశ్వవిద్యాలయమునకు చిరకాలము ఉపాధ్యక్షుడు. పిల్లలందరును ఒకే మూసలో విశ్వవిద్యాలయపు పరీక్షలకు మాత్రమే సిద్ధమగుట సరికాదని 1953లో ఆ సంఘము తన నివేదికలో తెలిపెను. సాహిత్య సాంఘిక శాస్త్రములు, విజ్ఞానము, సాంకేతికము, వాణిజ్యము, వ్యవసాయము, లలితకళలు, గృహవిజ్ఞానము అను ఏడు విభాగములు గల బహుళార్థసాధక పాఠశాలలను సూచించెను. ఇన్ని దారులున్నప్పుడు దారి చూపువారు అవసరము గనుక, పాఠశాలలలో మార్గదర్శనమునకై శిక్షణ పొందిన ఉపాధ్యాయులు ఉండవలెననియు కోరెను.

పాఠశాలలు వెలసెను; రెండవ పంచవర్ష ప్రణాళిక చివరకు వాని సంఖ్య సుమారు 2 వేలకు చేరెను. దారిచూపువారు మాత్రము అందులకు తగినంతమంది రాలేదు. తెలివిగలవారికి విజ్ఞానము, మిగిలినవారికి మిగిలినవి అను అలవాటు బలపడెను. ఏడు దారులును ఒకే నిచ్చెన మెట్లుగా మారెను. 1964 - 66 నాటి కొఠారి సంఘము ఈ అనుభవమును సమీక్షించి, పదవ తరగతి వరకు అందరికిని సామాన్య విద్యయే ఉండవలెననియు, ప్రత్యేక విభాగములు ఆ తరువాతనే రావలెననియు సలహా యిచ్చెను. ప్రతి పాఠశాలకు ఒక సలహాదారును వెంటనే నియమించుట సాధ్యము కాదు గనుక, కనీసము పది పాఠశాలల కొక సలహాదారైన ఉండవలెనని సూచించెను.

ఆంధ్రప్రదేశమున 1969లో రెండు సంవత్సరముల ఇంటర్మీడియట్ విధానము వచ్చినది. దానితో ఎంపిక ఘట్టము పదవ తరగతి చివరకు జరిగెను. వయస్సు ఒకటి రెండేండ్లు పెరిగినది గాని, ఎంపికకు వలసిన జ్ఞానమునందించు ఏర్పాటు అంతగా పెరుగలేదు. 2015లో కేంద్ర ప్రభుత్వము జాతీయ వృత్తి సేవను ప్రారంభించెను. 2020 జాతీయ విద్యావిధానము కళలకును, విజ్ఞానమునకును, వృత్తి విద్యకును నడుమ కట్టిన గట్టి గోడలు ఉండరాదని ప్రకటించెను. ఈ ప్రకటన సఫలమగుట, విద్యార్థికి ఆ గోడల ఆవల ఏమున్నదో చూపగలవారిపై ఆధారపడి యుండును.

ఈ చరిత్ర నేర్పునది

పార్సన్స్ మూడు మెట్లలో మొదటిదానిపై నూరేండ్లుగా ఎంతో పరిశోధన జరిగినది. రెండవదియగు వృత్తి పరిచయము మూలబడినది. దాని ఫలితము అందరిపై సమముగా పడదు. చదువుకొన్న కుటుంబమునందలి బిడ్డకు ఇంటికి వచ్చు చుట్టాలలోనే వైద్యుడు, ఇంజనీరు, ఆడిటరు, బ్యాంకు ఉద్యోగి కనబడుదురు. కూలి ఇంటి బిడ్డకు కనబడు వృత్తులు వ్రేళ్లపై లెక్కింపదగినవి. వానికి లేనిది తెలివి కాదు, సమాచారము. ఎంత గొప్ప పరీక్షయైనను, పేరు వినని వృత్తిని కోరుకొనునట్లు ఆ బిడ్డను చేయజాలదు. నైపుణ్యము గల చేతిపనికి గౌరవమిచ్చుట నేర్పకపోయినను ఆ సమాచారము సగము వ్యర్థమే.

ఈ రెండవ మెట్టునకు ఖరీదైన సాధనములు అక్కరలేదు. జెస్సీ డేవిస్ చేసినట్లు వ్యాసరచన గంట చాలును. ఎనిమిది, తొమ్మిది తరగతుల విద్యార్థులు నెలకొక వృత్తిని గూర్చి విచారించి వ్రాయవచ్చును. ఊరిలోని ఆస్పత్రి ప్రయోగశాల, విద్యుత్తు సబ్‌స్టేషను, సహకార బ్యాంకు, మోటారు మరమ్మతుల షాపు, వ్యవసాయ పరిశోధనా స్థానము - వీనిలో పనిచేయువారిని నాలుగు ప్రశ్నలు అడుగవచ్చును. ఉదయమునుండి సాయంకాలమువరకు చేయు పని ఏమి? దానిని ఎచ్చట, ఎన్నాళ్లు నేర్చితిరి? మొదట వచ్చిన జీతమెంత, పదేండ్లకు పెరిగినదెంత? ఆ పనిలోని కష్టమేమి? ఇట్టి వ్యాసములు ఇరువది పోగైనచో అదియే ఆ పాఠశాలకు వృత్తుల గ్రంథమగును; మరుసటి సంవత్సరపు విద్యార్థులకు ఉపకరించును. వృత్తుల వివరములు కాలముతోపాటు మారును గనుక ఏటేట దానిని సరిదిద్దవలెను.

మొదటి మెట్టు విషయమున ఉపాధ్యాయునకు గల అవకాశము ఏ పరీక్షకును లేదు. పరీక్ష ఒక గంటసేపు విద్యార్థిని చూచును. ఉపాధ్యాయుడు మూడేండ్లు చూచును. ఏ పిల్లవాడు ప్రయోగశాలలో గంట కొట్టినను కదలడో, ఏ బాలిక తోటివారి తగవులను చక్కగా తీర్చునో ఆయనకు తెలియును. అట్టి పరిశీలనలను వ్రాసి యుంచుట మంచిది. ఆ వ్రాతను విద్యార్థికి చూపి మాటలాడుట ఇంకను మంచిది.

మూడవ మెట్టు విద్యార్థిది. తల్లిదండ్రులును, ఉపాధ్యాయులును వానికి తెలియని సంగతులు తెలుపవచ్చును, ఖర్చును, దూరమును, ఇంటి పరిస్థితిని లెక్కకు తేవచ్చును, తొందరపాటును వారింపవచ్చును. తరువాతి నలువది సంవత్సరములు ప్రతి ఉదయము లేచి ఆ పనికి పోవువాడు మాత్రము ఆ విద్యార్థియే గనుక, నిర్ణయము వానిదై యుండవలెను.